సమస్యాపూరణం: “కఱ్ఱఁ జూచి గొఱ్ఱె కలత విడిచె”

సంచాలకుడు: ఈ ఆటవెలది పాదాన్ని, దైవము దారి చూపే తీరును ప్రాచీన హెబ్రీ కవులు వర్ణించిన ఉపమానాలలో ఒకదానిని ఆధారము చేసుకొని పూరించగలరు. దెబ్బకు జడవవలసిన గొఱ్ఱె కఱ్ఱను చూచి ఎందుకు ఊరడిల్లినదో మొదటి మూడు పాదాలలో తేలాలి.

మధుకరి:
చావు నీడ లోయఁ జనుచుండ వెన్నంటి
మందకాపు తానె మసలుచుండ
మృగముఁ దఱుము కోల మేలంచుఁ దలపోసి
కఱ్ఱఁ జూచి గొఱ్ఱె కలత విడిచె

సంచాలకుడు: మధుకరి గారూ, బైబిలులోని 23వ కీర్తన చెప్పిన లోయను చక్కగా దింపారు. ‘చుండ’ రెండుసార్లు వచ్చినది. ‘మసలు కతన’ అంటే పునరుక్తి పోయి కారణమూ స్పష్టమవుతుంది. అయితే కీర్తనకారుడు దుడ్డుకఱ్ఱ, దండము అని రెండింటిని చెప్పగా, మీరు మృగాన్ని తరిమేదానితోనే ఆగిపోయారు. అంశము దారి చూపడమే కనుక, త్రోవ తప్పినదానిని మళ్ళించే రెండవది రాకపోవడము లోపమే.

పాఠకమిత్ర:
కళ్లెమున్న గాని కదలదు గాడిద
నోరు కట్టి యీడ్వ నొచ్చి నడచు
కన్నుసైగ యెఱిఁగి కాపరి దరిఁ జేరి
కఱ్ఱఁ జూచి గొఱ్ఱె కలత విడిచె

సంచాలకుడు: కళ్లేనికి తప్ప లొంగని కంచరగాడిద 32వ కీర్తనలోనిది, గొఱ్ఱెతో దానికి పోటీ పెట్టడము కొత్త ఊహ. కాని కన్నుసైగతోనే పని జరిగితే ఇక కఱ్ఱ ఎందుకు? పైగా ఈ గొఱ్ఱెకు ముందు కలతే లేదు, లేనిదానిని విడిచేదెలా?

వనమాలి:
దారి మూసె రాళ్ళఁ, దమసులోఁ ద్రోసెనే
యనుచు నేడ్చు నోట నాశ మొలిచె
ప్రొద్దు పొడుపు తోడఁ బుట్టఁగాఁ గ్రొందయ
కఱ్ఱఁ జూచి గొఱ్ఱె కలత విడిచె

మధుకరి: ఆర్యా, మూడు పాదాలు మనిషి ఏడ్చి, నాల్గవదానిలో హఠాత్తుగా గొఱ్ఱె అయ్యాడేమి?

సంచాలకుడు: ఆక్షేపణ న్యాయమే, అయినా నా మొగ్గు దీనివైపే. బైబిలులోని విలాపవాక్యముల గ్రంథపు 3వ అధ్యాయము ఆగ్రహదండముతోనే మొదలవుతుంది. దైవము ఆ మనిషిని చీకటిలోకి నడిపి, చెక్కిన రాళ్ళతో దారి మూస్తాడు. 22, 23 వచనాలకు వచ్చేసరికి అదే నోరు ప్రతి ఉదయమూ కొత్తదయ్యే వాత్సల్యాన్ని చెబుతుంది. కొట్టిన కఱ్ఱే ఊరట కావడము ఈ ఒక్క పూరణలోనే కనబడుతున్నది. (22 హెబ్రీ అక్షరాలకు మూడేసి చొప్పున 66 వచనాలను అక్షరక్రమములో నడిపిన ఆ కవిని మన యతినియమము బెదిరించి ఉండేది కాదు.) వనమాలి గారూ, గొఱ్ఱెను మూడవ పాదములోనే ప్రవేశపెట్టి సవరించగలరేమో చూడండి.