ప్రవాసంలోని రాజవారసుడు తాత్కాలిక ప్రభుత్వాన్ని నడిపిన ఉదాహరణ ఉందా?

ఇరాన్ చివరి షా కుమారుడు రెజా పహ్లవీ 1979 విప్లవం నుంచి ప్రవాసంలోనే ఉన్నారు. పరివర్తన కాలానికి నాయకత్వం వహిస్తాననీ, రాచరికమా గణతంత్రమా అన్నది ప్రజలే తేల్చాలనీ అంటున్నారు. దీనికి చరిత్రలో పోలిక కోసం వారం రోజులుగా వెతుకుతున్నాను, ఏదీ అతకడం లేదు.

బల్గేరియా మాజీ రాజు రెండవ సిమియన్ 2001లో ప్రధాని అయ్యారు, కానీ ఎన్నికల్లో గెలిచి. అప్పటికి కమ్యూనిస్టు పాలన పోయి పదేళ్లు దాటింది. అఫ్గాన్ మాజీ రాజు జహీర్ షా 2002లో రోమ్ నుంచి తిరిగి వచ్చారు. పగ్గాలు మాత్రం హమీద్ కర్జాయ్‌కి దక్కాయి, వృద్ధ రాజుకు ‘జాతిపిత’ బిరుదు మిగిలింది. స్పెయిన్ రాజవంశీకుడు హువాన్ కార్లోస్‌ను 1969లో అక్కడి నియంత ఫ్రాంకోయే తన వారసుడిగా ప్రకటించాడు. సైన్యం, యంత్రాంగం వెంట వచ్చాయి. అసలు తేడా అక్కడే ఉందనిపిస్తోంది.

స్వదేశంలో సైన్యం అండ లేకుండా, ఎన్నికలకు ముందే ప్రవాసం నుంచి వచ్చి, తాత్కాలిక ప్రభుత్వాన్ని నడిపి, ఎన్నికైనవారికి అధికారం అప్పగించిన రాజవారసుడు ఎవరైనా మీకు తెలుసా?