అప్‌డేట్: అమ్మ క్రియాటినిన్, నా రాత్రి వీడియోలు

కవిటిలో ఉండే మా అమ్మకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.8 వచ్చిందని, నీళ్లు బాగా తాగాలని ఒకరు, తగ్గించాలని ఇంకొకరు చెబుతుంటే వీడియోల మధ్య తల తిరుగుతోందని గత నెల అడిగాను. డాక్టరునే అడగమన్నారు మీరంతా.

మూడే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పలాస కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. నీళ్ల లెక్క అందరికీ ఒకటి కాదట. వాపు, మూత్రం చూసి చెబుతారట. మోకాళ్ల నొప్పికి అమ్మ దుకాణంలో కొనుక్కునే మాత్రలు మాత్రం వెంటనే మానేయమన్నారు. అన్ని వీడియోలు చూసినా ఆ మాత్రల సంగతి నాకు తట్టనే లేదు!

మా కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. నీరా, నేలా, ఎండా అని రాత్రుళ్లు వీడియోలు చూసి నేనే తేల్చాలనుకున్నాను. ఆ ఛానెళ్లన్నీ తీసేశాను. సాయంత్రాలు అమ్మతో కొబ్బరితోట దాకా నడుస్తున్నాను. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష.