గర్భసంచి పొర పీసీఆర్ పాజిటివ్, మిగతావన్నీ నెగెటివ్: టీబీ కోర్సు వేయాలా?

గైనిక్_సీతమ్మధార:
ఐవీఎఫ్‌కి ముందు గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పంపితే పీసీఆర్ (టీబీ క్రిమి డీఎన్ఏని వెతికే పరీక్ష) పాజిటివ్. గ్రాన్యులోమా (క్రిమి చుట్టూ రోగనిరోధక కణాలు కట్టే ముద్ద) లేదు, కల్చర్‌లో (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. ఇలాంటామెకు ఆరు నెలల మందులు వేయాల్సిందే అంటాను. గ్రాన్యులోమా కట్టడానికి రెండు వారాలైనా కావాలి, పైపొర చూస్తే నెలనెలా రాలిపోతుంది. కనిపించే వ్యవధేదీ? ఈలోగా అడుగున ఉండే బేసాలిస్ పొర మచ్చకడితే కథ ముగిసినట్టే. పొరను మళ్లీ పెంచే మూలకణాలు ఉండేది అక్కడే. మందులు క్రిమిని చంపుతాయి గానీ పోయిన పొరను తేలేవు.

స్లైడు_మాస్టారు:
మేడం గారూ, ముక్క ఏ రోజున తీశారు? బహిష్టు మొదలైన పదో రోజున తీసి గ్రాన్యులోమా లేదంటే దానికి విలువ లేదు, బహిష్టుకి ముందు వారంలో తీయాలి. సగం ముక్క ఫార్మలిన్‌లో హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపు కింద చూడటానికి), సగం స్టెరైల్ సెలైన్‌లో కల్చర్‌కి, పీసీఆర్‌కి. మొత్తం ఫార్మలిన్‌లో ముంచి పంపితే క్రిములు చచ్చి కల్చర్ నెగెటివ్ రాక ఏమొస్తుంది?

మాలిక్యులర్_మహారాణిపేట:
పీసీఆర్‌కి చచ్చిన క్రిమి డీఎన్ఏ అయినా ఒకటే. నెస్టెడ్ పద్ధతిలో (రెండు రౌండ్ల పీసీఆర్) మొదటి రౌండు ట్యూబు మూత తీసినప్పుడు పాత నమూనా తుంపర కొత్తదాంట్లో పడే ప్రమాదం ఉంది. నెగెటివ్ కంట్రోల్ (క్రిమి లేని నమూనా) ఏమైందో, సీటీ విలువ (ఎన్నో చక్రానికి పాజిటివ్ అయిందో చెప్పే అంకె) ఎంతో చెప్పని ల్యాబు మాట నమ్మి ఆరు నెలలు మందులా? సీబీనాట్ (మెషిన్‌లో పెట్టి చేసే టీబీ డీఎన్ఏ పరీక్ష) మూసిన కార్ట్రిడ్జి కాబట్టి ఆ గొడవ తక్కువ. కానీ పాత కార్ట్రిడ్జికి మిల్లీలీటరుకి సుమారు 130 క్రిములుండాలి, కొత్త అల్ట్రా కార్ట్రిడ్జికి 16 చాలు. పొరలో క్రిములే కొద్ది, కాబట్టి నెగెటివ్ వచ్చినా ధీమా పడకండి.

గైనిక్_సీతమ్మధార:
కల్చర్ కోసం 42 రోజులు ఆగమంటారు. 38 ఏళ్లామెకు ఆ కాలం ఎవరిస్తారండీ?

స్లైడు_మాస్టారు:
ఆరు నెలల మందులకి మాత్రం కాలం పట్టదా? టీబీ మొదట చేరేది గర్భసంచి పక్కనుండే ట్యూబులకి (అండవాహికలకి), దాదాపు ప్రతి కేసులోనూ. పొరకి దిగేది సుమారు సగం మందిలోనే. ల్యాపరోస్కోపీ (కడుపులోకి కెమెరా), హిస్టెరోస్కోపీ (గర్భసంచిలోకి కెమెరా) ఒకేసారి చేయండి. పూసల్లాంటి ట్యూబులు, తెల్లటి ట్యూబర్కిల్స్ (టీబీ బొడిపెలు), లోపల అతుకులు కనిపిస్తే కల్చర్ కోసం ఆగొద్దు, మొదలెట్టేయండి.

ఫార్మసీ_గాజువాక:
మందులే వేస్తే ఒక సంగతి. 50 నుంచి 64 కిలోల మనిషికి రోజుకి 4 మాత్రలు, మొదటి 2 నెలలు నాలుగు మందులూ, తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తీసేసి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మందులు ఆపి వెంటనే ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష). ఎవరూ చెప్పనిది ఇంకోటుంది: రిఫాంపిసిన్ కాలేయంలో ఎంజైములను రెచ్చగొట్టి ఈస్ట్రడయాల్‌ను (పొరను పెంచే హార్మోను) తొందరగా కరిగించేస్తుంది. కోర్సు నడుస్తుండగా పిండం ట్రాన్స్‌ఫర్‌కి ఈస్ట్రడయాల్ మాత్రలిస్తే పొర 6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు. దాన్ని టీబీ ఖాతాలో రాసేయకండి. గర్భనిరోధక మాత్రలూ ఆ రోజుల్లో నమ్మదగ్గవి కావు.

గైనిక్_సీతమ్మధార:
సరే, ట్యూబులు శుభ్రంగా ఉండి, రెండోసారీ పాజిటివే వస్తే?

స్లైడు_మాస్టారు:
రెండోది వేరే ల్యాబులో, వేరే జీన్ మీద చేయించారా? అదీ పాజిటివ్ అయితే మీ వైపే వస్తా. అదే ల్యాబు, అదే ప్రైమరు (ఏ జీన్ వెతకాలో పట్టించే డీఎన్ఏ తునక) అయితే అది రెండో పరీక్ష కాదు మేడం గారూ.

గైనిక్_సీతమ్మధార:
బయటికి బాగానే కనిపించే ట్యూబు లోపలి మడతల్లో క్రిమి దాక్కోదా? అందుకే మొదటి రిపోర్టుకే నా ఓటు.