డ్రోన్ల కాలంలో ట్యాంకుకి నాగలి ఎందుకు?

శ్రీను_తెనాలి:
2020 జులైలో మన రక్షణ శాఖ టీ-90 ట్యాంకులకు 1,512 మైన్ ప్లౌల కోసం ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్‌తో ఒప్పందం చేసుకుంది. 557 కోట్లు. ట్యాంకు ముందు బిగించే ఇనప నాగలి అది, పాతిన మందుపాతరను పెళ్లగించి పక్కకు నెడుతుంది. బాగానే ఉంది. మరి 2023 జూన్‌లో ఉక్రెయిన్‌లో, మలా టోక్మాచ్కా దగ్గర ఏమైంది? ఫిన్లాండ్ ఇచ్చిన లెపర్డ్ 2ఆర్‌లు మైన్లు తీయడానికే తయారైన బళ్లు. అవి దెబ్బతిని ఆగిపోయాయి. వెనక సైనికులతో వచ్చిన బ్రాడ్లీ కవచ వాహనాలు మైన్లు తీసిన ఇరుకు దారిలో కుప్పగా చిక్కుకున్నాయి. తర్వాత సైనికులు నేల మీద పాక్కుంటూ చేత్తో మైన్లు తీశారు. ఆ 557 కోట్లు డ్రోన్లకు పెట్టాల్సిందని నా వాదన.

రవి_ఉప్పల్:
ఒకసారి భాగించి చూడు బ్రో. ఒక్కోటి 37 లక్షల లోపే. ఒక్క ట్యాంకు ఖరీదే కోట్లలో ఉంటుంది.

పాత_శాపర్:
శ్రీనూ, నువ్వు చెప్పిన సంఘటన నిజమే, తీర్పు మాత్రం తప్పు. మైన్‌ఫీల్డుకి ఎప్పుడూ కాపలా ఉంటుంది. అవతల హెలికాప్టర్లు, ఫిరంగులు, డ్రోన్లు చూస్తూ ఉంటే, వాటి కళ్లు మూయకుండా ఏ బండిని పంపినా అంతే. అది నాగలి తప్పా?

ఇంకోటి. దారి వేసి వెనకవాళ్లను రప్పించడం ఒక పని, దాని బళ్లు వేరు. ఈ నాగలి ఏ ట్యాంకుకి ఆ ట్యాంకు బయటపడడానికి. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబర్ 15 రాత్రి బసంతర్ నది దగ్గర మన ఇంజనీర్లు సగం మైన్లు తీసేసరికే అవతల పాకిస్తాన్ ట్యాంకుల కదలిక మొదలైంది. పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంటు కమాండర్ హనూత్ సింగ్ మిగతా సగం తీసేదాకా ఆగలేదు, ట్యాంకులను అలాగే దాటించాడు. అరుణ్ ఖేతర్‌పాల్‌కి పరమవీర చక్ర వచ్చింది మర్నాటి పోరులోనే. ఆ తియ్యని సగం ఉంది చూశావూ, నాగలి దానికి.

శ్రీను_తెనాలి:
బసంతర్ ఒప్పుకుంటాను సార్. కానీ ఈ నాగలి ట్యాంకు నడిచే రెండు ఇనప పట్టాల (ట్రాకుల) ముందే దున్నుతుంది, మధ్యలో నేల అలాగే ఉంటుంది. పైగా ఇప్పుడు రాకెట్లతో, డ్రోన్లతో మైన్లు చల్లుతున్నారు. పొద్దున దున్నిన దారిలో సాయంత్రానికి మళ్లీ మైన్లు.

లక్ష్మి_డాలస్:
చిన్న పక్కదారి. పొడవాటి గొట్టంలో మందు కూరి కంచె కిందికి తోసి పేల్చే బెంగళూరు టార్పెడో మన పక్కూరి సరుకే. 1912లో సైన్యపు ఇంజనీర్ల దళం మద్రాస్ శాపర్స్‌లోని కెప్టెన్ మెక్‌క్లింటాక్ చేశాడు. ఇప్పటికీ వాడుతున్నారు!

రైతుబిడ్డ_కర్నూలు:
నాకు ట్యాంకులు తెలియవు, నాగలి తెలుసు. ఇసుకలో దిగుతుంది. రాతి నేలలో పైకి లేచిపోతుంది. మీది లేవదా?

పాత_శాపర్:
లేస్తుంది. గట్టి నేలలో రోలర్ నయం. బరువైన ఇనప చక్రాలు ముందే తొక్కి మైనును పేలుస్తాయి. కానీ ఆ బరువు మెత్తటి ఇసుకలో దిగబడుతుంది. పైగా మొదటి తొక్కుడికి ఊరుకుని రెండోదానికి పేలే మైన్లున్నాయి. రోలర్ దాటిపోతుంది, పేలేది ట్యాంకు కింద.

మధ్య నేల సంగతి, శ్రీను చెప్పింది కరెక్టే. రెండు నాగళ్ల మధ్య గొలుసు కడతారు, నిలబెట్టిన పుల్ల తగిలితే పేలే మైన్ల కోసం. సాయంత్రం మళ్లీ చల్లే మైన్లకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అయితే సాయంత్రం దాకా ఆ దారిలోనే ఎందుకున్నాం అని ముందు కమాండర్‌ని అడగాలి.

శ్రీను_తెనాలి:
ఉక్రెయిన్‌లో ఉండాల్సి వచ్చింది కదా సార్, నెలల తరబడి.