ఎస్టాబ్లిష్‌మెంట్‌కి తెలుగేమిటి? "మత స్థాపన" అని రాసి నాన్నకు దొరికిపోయాను

తెలుగు భాష గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర మూడు రోజులుగా ఇరుక్కుపోయాను, కాస్త ఒడ్డెక్కించండి.

మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. మా అమ్మాయి స్కూల్లో తెలుగు పిల్లలు బాగా ఎక్కువ. వాళ్ళ దగ్గరికి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి ఆరేసి నెలలు ఉంటారు, బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది చాలా ఇళ్ళల్లో వాళ్ళే. వాళ్ళకి కూడా అర్థమయ్యేలా బడి నియమాల కాగితం ఒకటి తెలుగులో పెడదామని తల్లిదండ్రులం కొందరం పంచుకున్నాం, మతం గురించిన పేరా నా వాటాకొచ్చింది. అందులో అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోని వాక్యం ఉంది, 1791 నాటిది. నేను "కాంగ్రెస్ మత స్థాపనకు సంబంధించి ఏ చట్టమూ చేయరాదు, మతాన్ని స్వేచ్ఛగా ఆచరించడాన్ని నిషేధించరాదు" అని రాసేశాను. ఇంగ్లీషు వాక్యంలోని ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే స్థాపన, అంతేగా అనుకున్నాను.

తెనాలిలో ఉన్న నాన్నకు వాట్సాప్‌లో పంపాను. ఆయన రిటైర్డ్ తెలుగు పండిట్, ఎర్ర పెన్ను అలవాటు ఇంకా పోలేదు, ఏది పంపినా నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, దిద్ది, ఫోటో పెడతారు. మొదటి గీత "కాంగ్రెస్" కింద. "పార్టీ అనుకుంటారే తల్లీ, పార్లమెంటు అని రాయి." రెండోది అసలు దెబ్బ. "మత స్థాపన కూడదంటే కొత్త మతం పెట్టకూడదనేగా? నేనొచ్చినప్పుడు వీధికో రకం చర్చి చూపించావు, మూతపడ్డ కిరాణా కొట్లో కూడా ఒకటి నడుస్తోందన్నావు. మరి వాళ్ళనెవరూ పట్టుకోరా?"

నవ్వొచ్చింది గానీ, ఆయన చదివింది నేను రాసిందే. మనకి స్థాపన అంటే లేనిదాన్ని పెట్టడం. పార్టీ స్థాపన, సంఘం స్థాపన. అక్కడి మాట ఉన్న మతానికి సర్కారు వెన్నుదన్నుగా నిలవడం గురించి. ఆ సవరణ వచ్చిన రోజున కనెక్టికట్‌లో, మసాచుసెట్స్‌లో జనం కట్టిన పన్నుతో నడిచే చర్చిలు ఉన్నాయి, సవరణ ఢిల్లీ లాంటి కేంద్రాన్నే కట్టేసింది గానీ రాష్ట్రాలను కాదు కాబట్టి కనెక్టికట్ 1818 దాకా, మసాచుసెట్స్ 1833 దాకా ఆ పద్ధతి వదల్లేదు. ఈ అర్థానికి తెలుగులో మాట చెప్పండి.

కామెంట్: "అధికార మతం" అనండి మేడమ్, గొడవ వదిలిపోతుంది. అధికార భాష ఉంది కదా. 1966లో తెలుగుని అధికార భాష అని చట్టం చేసినప్పుడు తెలుగుని కొత్తగా ఎవరూ పుట్టించలేదు, ఉన్న భాషకి సర్కారు ముద్ర వేశారు. మతానికి ఆ ముద్ర వేయొద్దని అమెరికావాళ్ళ మాట.

జవాబు: చాలా బాగుందండీ, నేనూ దాదాపు ఖాయం చేసేసుకున్నాను. కానీ 1962 నాటి కేసు ఒకటి అడ్డం పడింది. న్యూయార్క్ రాష్ట్రంలో చదువుల వ్యవహారాలు చూసే రీజెంట్స్ బోర్డు బడిపిల్లల కోసం ఒక ప్రార్థన రాయించింది, ఇంగ్లీషులో మొత్తం 22 మాటలు. సర్వశక్తిమంతుడైన దేవుడి మీద మేం ఆధారపడ్డాం, మమ్మల్నీ మా తల్లిదండ్రుల్నీ మా టీచర్లనీ మా దేశాన్నీ దీవించు అని, అంతే. ఏసు పేరు లేదు, ఏ శాఖ పేరూ లేదు, ఇష్టం లేని పిల్లలు నోరు మూసుకుని కూర్చోవచ్చు, బయటికీ పోవచ్చు. అయినా ఎంగెల్ వర్సెస్ విటాలె కేసులో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా కుదరదంది. ప్రార్థనలు రాయడం ప్రభుత్వం చేయాల్సిన పని కాదని తేల్చింది. ఇందులో అధికార మతం ఏదండీ? ఏ మతమూ లేదు, సర్కారు గొంతుతో దేవుణ్ణి పిలవడం ఒక్కటే ఉంది. మీ మాట పెడితే "ఒకే మతానికి ముద్ర వేయకపోతే చాలు, అందరికీ పనికొచ్చే ప్రార్థన అయితే ఫర్వాలేదు" అనే అర్థం దూరిపోతుంది.

కామెంట్: "ఆస్థాన మతం" ఎలా ఉంది అక్కా? పాడేవాళ్ళు వేలమంది ఉంటారు, ఆస్థాన విద్వాంసులనిపించుకునేది ఏ కొద్దిమందో. పైగా స్థాపనలోనూ ఆస్థానంలోనూ ఉన్నది ఒకే ధాతువు, కాబట్టి మీ నాన్నగారు కూడా కాదనలేరు.

జవాబు: చెవికి ఎంత బాగుందో. కానీ పైన చెప్పిన చిక్కే మళ్ళీ. నాన్నకి చెప్తే "ఆస్థానం అంటే శాలువా, నెలకింత సంభావన, బాగానే సరిపోయింది" అన్నారు, వెంటనే "బడి కాగితానికి మాత్రం వద్దు" అని కూడా అన్నారు.

కామెంట్: స్థాపన సంగతి సరే, ఈ వార్తలు రాసేవాళ్ళు "చర్చి, రాష్ట్రం వేరుచేయడం" అని రాస్తుంటే ఒళ్ళు మండుతుంది. అక్కడ స్టేట్ అంటే రాజ్యమయ్యా, టెక్సాస్ కాదు. ఇంకోటి, కాగితంలో "పబ్లిక్ స్కూల్" అని మాత్రం వదిలేయకండమ్మా, మన దగ్గర పేరు చివర పబ్లిక్ స్కూల్ అని ఉంటే లక్షల్లో ఫీజు అని అర్థం. "సర్కారు బడి" అనండి, ముసలాళ్ళకి టక్కున తెలుస్తుంది.

జవాబు: మార్చేశాను మాస్టారూ. నిజంగానే ఇది నాకు తట్టలేదు.

కామెంట్: ఆ వాక్యంలో లేకపోయినా అందరూ ఎక్కువగా వాడే మాట చర్చికీ రాజ్యానికీ మధ్య "గోడ". అది రాజ్యాంగంలోది కాదు, 1802 జనవరి 1న అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు, అంటే ఒక క్రైస్తవ శాఖ వాళ్ళకు, రాసిన ఉత్తరంలోది. ఆ బాప్టిస్టులు దేవుణ్ణి నమ్మనివాళ్ళు కాదు సుమండీ, గట్టి భక్తులు. వాళ్ళ గోల ఏమిటంటే, కనెక్టికట్‌లో చర్చి పన్ను కాంగ్రిగేషనల్ అనే ఇంకో శాఖ వాళ్ళకి పోతుంది, మేం వేరే చర్చి వాళ్ళమని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే తప్ప తప్పించుకోలేం, మా మతం మాకు హక్కుగా ఉండాలి గానీ దయగా కాదు అని. మనవాళ్ళు దీన్ని "అడ్డుగోడ" అని రాస్తారు. అడ్డుగోడ అంటే అన్నదమ్ములు విడిపోయి ఇంటి మధ్యన కట్టుకునేది, ఆ మాటలోనే ఏడుపు ఉంది. అసలు జెఫర్సన్ కంటే చాలా ముందు, 1644లో, రోడ్ ఐలండ్ అనే వలస ప్రాంతాన్ని మొదలుపెట్టిన రోజర్ విలియమ్స్ చర్చి అనే తోటకీ లోకం అనే అడవికీ నడుమ కంచో గోడో ఉండాలని రాశాడు. తోట చుట్టూ ఉండేదాన్ని మనం ఏమంటాం? దడి. పశువులు లోపలికి వచ్చి మేసేయకుండా కట్టేది. ఆయన భయం మతం రాజ్యాన్ని పాడుచేస్తుందని కాదు, రాజ్యం మతాన్ని తొక్కేస్తుందని. నన్నడిగితే "దడి" అనే మాట "గోడ" కంటే వంద రెట్లు నయం.

జవాబు: అన్నగారూ, ఈ ఒక్క కామెంట్ కోసమైనా పోస్టు పెట్టడం మంచిదైంది.

కామెంట్: ఒక డౌట్ అక్కా. మా ఊళ్ళో ఆదివారం తెలుగు క్లాసు సర్కారు బడి క్యాఫెటీరియాలోనే, అద్దెకి తీసుకుని. "శుక్లాంబరధరం"తో మొదలుపెడతాం. టెన్షన్ పడాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. బడి వేళలు అయ్యాక బయటి సంఘాలకి గదులు ఇచ్చే బడి, మతం చెప్తున్నారని ఒక సంఘానికి ఒద్దనకూడదని 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ అనే ఊరి కేసులో తేలింది. అక్కడ గెలిచింది పిల్లలకి బైబిల్ కథలు చెప్పే క్లబ్బు. అదే మీ శ్లోకం సోమవారం పొద్దున టీచరు క్లాసులో చెప్పిస్తే వేరే సంగతి. న్యూజెర్సీ హైస్కూళ్ళలో అతీంద్రియ ధ్యానం కోర్సు పెట్టి, అందులో గురువుగారి పటం ముందు సంస్కృతంలో పూజ చేయించారు, ఆ పూజ జరిగింది బడి బయట, అదీ ఆదివారం నాడు. అయినా 1979లో అప్పీల్ కోర్టు కోర్సుని చెల్లదంది, ఎందుకంటే కోర్సు బడిది. బైబిలయినా మన మంత్రమయినా కొలత ఒకటే.

భాష గ్రూపు కాబట్టి ఇంకో ముచ్చట. అలబామా బళ్ళలో యోగా మీద 1993 నుంచి నిషేధం ఉండేది. 2021లో చట్టం చేసి ఎత్తేశారు గానీ షరతులు చూడండి: ఆసనాలకి ఇంగ్లీషు పేర్లే ఉండాలి, మంత్రాలు, ముద్రలు కూడదు, "నమస్తే" అనకూడదు. మనం రోజూ వాచ్‌మన్ దగ్గర్నుంచి కలెక్టర్ దాకా అనే మాట అక్కడ చట్టానికెక్కింది. వృక్షాసనం వేయొచ్చు, ఆ పేరుతో పిలిస్తేనే తప్పు. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్లకి పేరు మారితే మతం దిగిపోతుందా అనేది మీకే వదిలేస్తున్నా. నాకైతే అది దేవుడి భయం కంటే పరాయి భాష భయంలా కనిపించింది.

కామెంట్: తెలుగులో దొరికే ఒక సుళువు చెప్తా. "మతం చెప్పడం" వేరు, "మతం గురించి చెప్పడం" వేరు. 1963లో పెన్సిల్వేనియా కేసు, పొద్దున్నే క్లాసులో బైబిల్ వచనాలు చదివించడం గురించి. సుప్రీంకోర్టులో ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒకరు ఒకవైపు, ఆ పద్ధతి కొట్టేశారు, కానీ బైబిల్‌ని సాహిత్యంగా, చరిత్రగా చదివితే తప్పులేదన్నారు. మనకి ఆ తేడా అంతా ఒక్క "గురించి"లో వచ్చేస్తుంది. ఇక మీ ఎస్టాబ్లిష్‌మెంట్‌కి నామవాచకం వెతకడమే తప్పు, క్రియ వెతకండి. "పీట వేయడం". పెద్దపీట వేశారు అని రోజూ పేపర్లో చూస్తాం కదా. ప్రభుత్వం ఏ మతానికీ పీట వేయరాదు. ఏ పేరూ లేని ప్రార్థనకైనా సరే, పీట పీటే.

జవాబు: ఇదీ మాటంటే! 22 మాటల ప్రార్థన కూడా ఇందులో పట్టింది.

కామెంట్: పట్టింది గానీ మీ పీటని 2022లోనే లాగేశారు కదండీ. వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్‌లో ఫుట్‌బాల్ కోచ్ మ్యాచ్ అయ్యాక మైదానం నడిమధ్యన మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తే, అది ఆయన సొంత భక్తి, బడిది కాదు అని సుప్రీంకోర్టులో 6-3తో ఆయన్నే గెలిపించారు. ప్రభుత్వం మెచ్చుకున్నట్టు కనబడుతోందా అని చూసే పాత కొలత పక్కన పెట్టి, చరిత్రా సంప్రదాయమూ చూస్తామన్నారు. మీ టెక్సాస్‌లోనే 2025లో ప్రతి క్లాసులో 16 అంగుళాలకి 20 అంగుళాల పది ఆజ్ఞల పోస్టర్ ఉండాలని చట్టం చేశారు. 1980లో కెంటకీలో అలాంటిదాన్నే కొట్టేసిన కోర్టు ఇప్పుడేమంటుందో.

జవాబు: తెలుసండీ, ఆ చట్టం మీద కేసులు పడ్డాయి, మా పేరెంట్స్ గ్రూపులో రోజూ అదే గోల. కోచ్ తీర్పు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆయన ఎవర్నీ రమ్మనలేదని అంటారు, ఒప్పుకుంటాను. కానీ మ్యాచ్‌లో ఎవరు ఆడాలో తేల్చేవాళ్ళలో ఆ మోకరించిన మనిషీ ఒకరు. బెంచీ మీద కూర్చున్న పదిహేనేళ్ళ పిల్లాడు ఆ పక్కన నిలువుగా నిలబడగలడా? మన ఊళ్ళో హెడ్మాస్టారు కొబ్బరికాయ కొడుతుంటే దణ్ణం పెట్టకుండా చేతులు కట్టుకు నిలబడ్డ పిల్లల్ని ఎంతమందిని చూశాం? బలవంతం అన్న మాటకి బెత్తం ఒక్కటే గుర్తు కాదు.

సరే, నిన్న రాత్రి ఆఖరి కాపీ నాన్నకు పంపాను: "సర్కారు బడి ఏ మతానికీ పీట వేయదు, పిల్లల చేత ఏ ప్రార్థనా చేయించదు, తమంతట తాము చేసుకునే పిల్లల్ని ఆపదు." పొద్దున ఫోటో వచ్చింది. "పీట" కింద ఎర్ర గీత, పక్కన "పెళ్ళి పీటలనుకుంటారు, తీసెయ్" అని. మిగతా వాక్యం ముట్టుకోలేదు. పీట ఉన్న ముక్క మొత్తం తీసేసి మిగతాది అలాగే ప్రింటుకి ఇచ్చేశాను. స్థాపన, ఆస్థానం, అధికారం, ఏదీ లేకుండానే పోయింది కాగితం. పీట మాత్రం నేను వదల్లేదు, ఇంకెక్కడైనా వాడుకుంటాను.