సోషియోబయాలజీ: మనుషుల మీద నిలిచే పరీక్ష ఏది?

ఒంగోలులో డిగ్రీ జువాలజీ పిల్లల చర్చకు నోట్స్ రాస్తున్నాను. సోషియోబయాలజీ అంటే జంతువుల, మనుషుల సామాజిక ప్రవర్తనను పరిణామంతో వివరించే ప్రయత్నం. 1975లో దాని మీద జీవశాస్త్రవేత్త విల్సన్ రాసిన పుస్తకం, అదే ఏడాది దాన్ని మనుషులకు అన్వయించడాన్ని తప్పుపడుతూ గూల్డ్, లెవాంటిన్ తదితర శాస్త్రవేత్తలు రాసిన బహిరంగ లేఖ వరకు రాశాను. తేనెటీగలతో పేచీ లేదు: హామిల్టన్ సూత్రం ఉంది (బంధుత్వం దగ్గరయ్యే కొద్దీ సాయం చేసే గుణం నిలిచే అవకాశం ఎక్కువని), ఒకే తండ్రి అయితే ఆడ ఈగల మధ్య బంధుత్వం, అంటే ఉమ్మడి జన్యువుల వాటా, 0.75. రాణి చాలా మగ ఈగలతో జతకడితే సగటు తగ్గుతుంది, ఆ లెక్కా కుదిరింది. 

మనుషుల దగ్గరే ఆగిపోయాను. మేనరికాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. మేనమామ కూతురు, బాబాయి కూతురు ఇద్దరితోనూ జన్యుబంధుత్వం 0.125, మన దగ్గర ఒకరు పెళ్లికి వరస, ఇంకొకరు చెల్లెలు. జన్యువులతో చెప్పబోతే ఏ ఫలితానికైనా ఏదో ఒక వివరణ అతుకుతోంది. సంస్కృతి అని వదిలేస్తే విమర్శకుల మాటే గెలిచినట్టు.

మనుషుల ప్రవర్తన గురించి ముందే అంచనా కట్టి, తప్పని తేలే వీలుంచి, నిజంగా పరీక్షించిన ఉదాహరణ ఒక్కటి చెప్పగలరా?