ఎర్గ్ మోడ్‌లో పెడల్ బిగుసుకుపోతోంది, ఎత్తులో మాత్రం తేడా లేదు

ప్రశ్న: నాది సైకిల్ వెనక చక్రం రోలర్‌కు ఆనే రకం స్మార్ట్ ట్రైనర్ (ఇంట్లోనే సైకిల్ తొక్కే స్టాండ్, పెడల్ బరువును యాప్ మారుస్తుంది). జ్విఫ్ట్ అనే సైక్లింగ్ యాప్‌లో ఎర్గ్ వర్కవుట్ (ఎంత వేగంగా తొక్కినా ట్రైనర్ అవే వాట్లు నిలిపే పద్ధతి) 220 వాట్లకు చేరగానే టైరు జారుతోంది, కాసేపటికి పెడల్ కదలనంత బరువెక్కుతోంది. మామూలు రైడ్‌లో తెర మీద ఎత్తు ఎక్కే దారి వచ్చినా పెడల్ బరువు మారడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ఇవి మూడు వేర్వేరు సమస్యలండీ. ముందు టైరు సంగతి. పంపు గేజీతో కొలిచి ప్రతిసారీ ఒకే గాలి పెట్టండి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. రోలర్‌ను స్పిరిట్‌తో తుడవండి. టైరు ఆనాక, రోలర్‌ను టైరుకు నొక్కే నాబ్‌ను ఇంకో రెండు మూడు చుట్లు బిగించండి. రోలర్ పట్టుకుని చక్రాన్ని చేత్తో లాగినా జారకూడదు. 10 నిమిషాలు తొక్కాకే స్పిన్‌డౌన్ (చక్రాన్ని వేగంగా తిప్పి వదిలేసి ట్రైనర్ కొలతను సరిచేయడం) చేయండి. చల్లటి ట్రైనర్ మీద చేసింది దండగ.

జవాబు 2: బిగుసుకుపోవడం రిపేరు కాదు, ఎర్గ్ స్వభావమే. కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 90 నుంచి 60కి పడితే అదే 220 వాట్లకు ఒకటిన్నర రెట్లు టార్క్ (పెడల్‌ను తిప్పే బలం) కావాలి. దాంతో కాలు ఇంకా నెమ్మదిస్తుంది, బరువు ఇంకా పెరుగుతుంది. అక్కడ కుస్తీ పట్టొద్దు. ఎర్గ్ ఆపేసి, కేడెన్స్ 90 దాటాక మళ్లీ పెట్టండి. అలాగని మరీ తేలిక గేరూ వద్దు. చక్రం నెమ్మదిగా తిరిగితే మాగ్నెట్ బ్రేక్‌కు అన్ని వాట్లు పుట్టించడం చేతకాదు.

జవాబు 3: ఎత్తు సంగతికొస్తే, యాప్‌కు ట్రైనర్‌ను కలిపే పెయిరింగ్ తెరలో ‘పవర్’ ఒక్కటే కలిసి ‘కంట్రోలబుల్’ (యాప్ పెడల్ బరువును మార్చే లింకు) ఖాళీగా ఉందేమో చూడండి. ఫోన్‌లో ఇంకో యాప్ బ్లూటూత్ పట్టుకుని ఉంటే ఇలాగే అవుతుంది. అది సరిగ్గానే ఉంటే ట్రైనర్ డిఫికల్టీ (ఎత్తులో ఎంత వంతు పెడల్ మీద తెలియాలో చెప్పే సెట్టింగ్) చూడండి: 50 శాతం మీద 8 శాతం ఎత్తు 4 శాతంలాగే అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మామూలు రైడ్‌కు పెట్టినప్పుడు కంట్రోలబుల్ ఖాళీగానే ఉందండీ. ఫోన్ బ్లూటూత్ ఆపితే కలిసింది. టైరు పని రేపు.